రాజు తోటలో ఊప్ ఊప్

అనగనగా అంటే మరీ అంత వెనక్కి పోవద్దులే, మా అమ్మమ్మ వాళ్ళమ్మమ్మ నాటి మాట. ఒక రాజుకి పేద్ద తోట ఉండేది. జామ, నేరేడు, పనస, సంపెంగ, ఏది కావాలంటే అది. దానికి తోటమాలి పోలయ్య. అతని కొత్త కోడలు నాంచారమ్మ, కొండపక్క పల్లె పిల్ల.

ఉన్నట్టుండి ఆ తోటలో దెయ్యం మూలగడం మొదలెట్టింది. తెల్లారితే చాలు, పొదల్లోంచి ఊప్ ఊప్ ఊప్ అని, కడవలో మూతి పెట్టి పిలిచినట్టు. రాణికి బెంగ పట్టుకుంది. అన్నం మానేసింది, నిద్ర మానేసింది, చివరికి రాజుతో మాటా మానేసింది. రాజు ఆ మూడోదానికి హడలిపోయి, రేపే తోటంతా నరికెయ్యమన్నాడు.

ఊ కొడుతున్నారా? ఒరే చంటీ, దుప్పటి లాగకు.

పాపం, పోలయ్య తన చేత్తో నాటిన చెట్లాయె. తల పట్టుకు కూర్చున్నాడు. నాంచారమ్మకి ఆ కూత పుట్టింట్లో విన్నట్టే ఉంది గానీ, అదేనని గట్టిగా చెప్పలేకపోయింది. అయినా తెగించి కోటకెళ్ళింది. గొడ్డలి పడేలోగా రాజూ రాణీ ఒక్కసారి తనతో తోటంతా తిరగాలని, తిరిగినంతసేపూ తన మాటే వినాలని అడిగింది. రాజు సరేనన్నాడు.

తెల్లారింది. రాజు ఎలా వచ్చాడనుకున్నారు? ముందు డోలు, వెనక సన్నాయి, పైన గొడుగు, కాళ్ళకి కిర్రుచెప్పులు. ఒక్క పిట్ట కనబడితే ఒట్టు. నాంచారమ్మ డోలుని పంపేసింది, సన్నాయిని పంపేసింది, గొడుగుని పంపేసింది, కిర్రుచెప్పులు విప్పించేసింది. పిట్ట కోసం వెతకొద్దు, కదిలే ఆకుని చూడండి, వేలెత్తి చూపించకండి అని చెప్పింది.

నిలబడ్డారు. ఆకు కదిలింది. నెత్తిన జుట్టు, తోక కింద ఎర్రమచ్చ, పికిలిపిట్ట. అటు టకటకమని వడ్రంగిపిట్ట. ఇటు మందారంలో ముక్కు దూర్చి తేనెపిట్ట. రాజు అరవబోయి తన నోరు తనే మూసుకున్నాడు.

అప్పుడు వినబడింది, ఊప్ ఊప్ ఊప్. రాణి నాంచారమ్మ చెయ్యి పట్టేసుకుంది. నాంచారమ్మకీ లోపల భయమే, తను అనుకున్నది కాకపోతే చెట్ల గతేంటని. మెల్లగా పొద కొమ్మలు పక్కకి తప్పించింది.

నల్లటి ఒళ్ళు, ఇటుకరంగు రెక్కలు, ఎర్రటి కళ్ళు. జెముడుకాకి. కూత ఆపి, నత్తని పొడుచుకు తింటోంది.

"ఇదేనా?" అంది రాణి.

"ఇదేనమ్మా. ఆ కూతతో తోడుని పిలుస్తుంది."

రాణి నవ్వింది. ఆకలేస్తోందని రాజుతోనే చెప్పింది.

తోట వాకిట్లో గొడ్డళ్ళవాళ్ళు కాచుకునున్నారు. రాజు వాళ్ళని పొమ్మనలేదు. గొడ్డళ్ళు కింద పెట్టించి, తనే ముందు నడుస్తూ, కదిలే ఆకుని చూడండర్రా అంటూ తోటంతా తిప్పాడు. ఒకచోట గోరింకని చూపించి పికిలిపిట్ట అన్నాడు. నాంచారమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పోలయ్య మాత్రం ఉండబట్టలేక, "గోరింక దొరా" అన్నాడు.

"గోరింకే. నువ్వూ రా పోలయ్యా, పక్కనుండి చెప్పు" అన్నాడు రాజు.

అంతేనర్రా, భయమేస్తే ముందు అదేంటో వెళ్ళి చూడాలి. కథ కంచి దారి పట్టింది, ఇక మనం నిద్ర దారి పడదాం.