డప్పు మోగని నిమ్మళమ్మ జాతర

పూర్వం పాలగుట్ట సీమను సామంతరాజులు ఏలే కాలంలో, ఆ గుట్ట కింది పల్లెలో కంబళ్ళు నేసుకొని బతికే మల్లసాని అనే అమ్మవారి పరమభక్తురాలు ఉండేది. ఒక వేసవిలో శత్రుదండు డప్పుల మోతతో ఊరిమీద పడి, ఆమె ఒక్కగానొక్క కొడుకును కోడలు నూకమ కళ్ళెదుటే నరికివేసింది. మల్లసాని ఏడ్చి ఏడ్చి తేరుకున్నది గానీ, నూకమ కంట చుక్క నీరైనా రాలేదు. అమ్మవారి గుడిలో డప్పు మోగిందంటే చాలు, ఆమె చూపు శూన్యమైపోయేది. చంటిబిడ్డ ఏడుపు సైతం వినబడేది కాదు. పేరడిగితే వేరెవరి పేరో చెప్పేది. తేరుకున్నాక జరిగినదేదీ ఎరగదు.

అమ్మ పూనిందనుకొని ఊరిపెద్ద వీరపనాయుడు డప్పులు మరింత జోరుగా కొట్టించేవాడు. జనం హారతులిచ్చి వానలెప్పుడని అడిగేవారు. చివరకు ఇల్లూ బిడ్డా విడిపించి, నూకమను ఉగాదినాడు గుడికి అమ్మ పలుకు చెప్పే గణాచారిగా అర్పించాలని నిశ్చయించారు. డప్పు మోగిన ప్రతిసారీ కోడలు చెవులు మూసుకొని, దండు వచ్చిననాటిలాగే తలుపుచాటుకు జరగడం మల్లసాని ఒక్కతే గమనించింది.

అర్పణవేళ ఆమె కోడలికి అడ్డంగా నిలబడింది.

"డప్పు ఆపించు నాయుడా!"

"అమ్మకు ఆగ్రహం వస్తే ఊరు మిగులుతుందా, ముసలీ?"

"వస్తే నామీదికి రమ్మను. ఇది పూనకం కాదయ్యా. మోయలేని దుఃఖం మీదపడి దీని ప్రాణం ఎక్కడో దాక్కున్నది. దాక్కున్నదాన్ని తరుముతారా? పిలవాలి గానీ!"

"పోయినేడు ఈమె వానలొస్తాయన్నది, మా గొర్రెలు ఎండి చచ్చాయి. ఆపించవయ్యా!" అని ఒక గొల్లవాడు అరిచేసరికి జనం నవ్వారు. డప్పులు ఆగాయి.

మల్లసాని కోడలిని గుట్టబండమీద నిలబెట్టి, చెయ్యి వదలక, అమ్మను తలుచుకుంటూ మెల్లగా చెప్పసాగింది. "నువ్వు నూకమవు. నేను నీ అత్తను. దండు వెళ్ళిపోయింది తల్లీ. ఇది ఉగాది పొద్దు." ఎండ ఎక్కింది, గొంతు తడారింది, అయినా మానలేదు. అంతట బండ చీలి చల్లని ఊట ఒకటి ఉబికివచ్చింది.

"అత్తా, కాళ్ళు తడుస్తున్నాయే" అన్నది నూకమ. ఆపై పెనిమిటి పేరు పలికి, మొదటిసారి భోరుమన్నది.

ఒక్కనాటితో కుదుటపడలేదు. భయం తిరిగి వచ్చినప్పుడల్లా మల్లసాని విసుగులేక ఆమెను ఆ ఊటకు తీసుకువచ్చేది. నూకమ బిడ్డను తన చేతులతోనే పెంచుకున్నది. నాటినుండి అక్కడి తల్లి నిమ్మళమ్మగా కొలుపులందుకుంటున్నది. నేటికీ ఆ జాతరలో డప్పు మోగదు. డప్పులు దించి వాద్యకారులే ముందు నడిచి, మనసు చెదిరినవారిని ఊటలో నిలబెట్టి, చెయ్యి పట్టుకొని వారి పేరూ ఊరూ మెల్లగా చెబుతారు. ఏడ్చేవారిని అక్కడ ఎవరూ ఊరుకోమనరు.