పొగకు చావని కలుగు

పచ్చ పొగాకును కాల్చి ఆరబెట్టే బ్యారన్ కొట్టం వెనక కాలువగట్టు మీద ఒక మేక ఉండేది. పేరు పుల్లమ్మ. మేక మేయని ఆకు లేదంటారు కదా, పుల్లమ్మ మేయడంతో ఊరుకోకుండా ఏ ఆకు ఎవరి కడుపులో ఏం చేస్తుందో గుర్తుపెట్టుకునేది. అలా ఆ చుట్టుపక్కల గొడ్డూ గోదా అన్నిటికీ వైద్యురాలైంది. గడ్డం ఉండటం కూడా కొంత కలిసొచ్చిందనుకోండి.

ఆవిడకు ఒక పట్టుదల ఉండేది. రోగం ఒకటైతే మందూ ఒకటే. వాళ్ళమ్మ అలాగే ఇచ్చేది, అమ్మమ్మా అలాగే ఇచ్చేది. రెండు మందులు కలిపి ఇచ్చే వైద్యుడికి రెండింటి మీదా నమ్మకం లేదని వాళ్ళింట్లో మాట. ఆ మాట పుల్లమ్మ తల మీద మూడో కొమ్ములా మొలిచి ఉండేది.

ఒకరోజు మైలన్న అనే ఎద్దు దగ్గుకుంటూ వచ్చాడు. పదేళ్ళుగా బ్యారన్‌కి పచ్చాకు బళ్ళు లాగిన ఎద్దు. పుల్లమ్మ అతని పక్కటెముకలకు చెవి ఆనించి విన్నది. కుడివైపు గాలి ఆడుతోంది. ఎడమవైపు ఊపిరి వినిపించాల్సిన చోట ఏమీ లేదు, తడిబట్ట కప్పిన మద్దెలలా మూగగా ఉంది. లోపల గడ్డ ఉందని ఆవిడకు అర్థమైంది.

"ఎన్నాళ్ళ నుంచి అన్నా?"

"దగ్గు ఎండాకాలం నుంచి. దగ్గుదేముందిలే చెల్లెమ్మా, అరుపు పోయింది. అదీ నా బాధ."

కాడికి మైలన్న జతగాడు కర్రెన్న. మైలన్నకు ఒంట్లో బాగాలేక ఇప్పుడు కర్రెన్న ఎవరో కొత్త ఎద్దుతో బండి లాగుతున్నాడు. రోజూ పొద్దు వాలేవేళ ఆ బండి గట్టు అవతలి బాటన పోతుంది. కర్రెన్న అటునుంచి ఒక రంకె వేస్తాడు. ఇటునుంచి జవాబివ్వడానికి మైలన్నకు ఊపిరి చాలదు.

"నేను పలక్కపోతే చచ్చాననుకుంటాడు. వాడు కాడి కింద ఏడుస్తూ నడుస్తాడు చెల్లెమ్మా. ఒక్క అరుపుకు సరిపడా ఊపిరి ఇప్పించు, చాలు."

పుల్లమ్మ దగ్గరున్న వాటిలోకెల్లా ఘాటైన చేదు మందు నూరింది. ఇరవై రోజులకోసారి తాగాలి. గడ్డలో తెగ పెరిగే కణాల్ని వెతికి మరీ చంపే మందు అది. అయితే దానికి మన, పర తేడా అంతగా తెలియదు. మైలన్న వెంట్రుకలు రాలాయి, మేత సయించలేదు. పాపం, కుడితి వాసన వస్తే చాలు మొహం తిప్పుకునేవాడు. కానీ మూడో మోతాదు అయ్యేసరికి ఎడమవైపు గాలి ఆడింది. ఆ సాయంత్రం కర్రెన్న రంకె వేస్తే మైలన్న తిరిగి అరిచాడు. గట్టు మీద కొంగలు కూడా సంతోషించాయి. పుల్లమ్మ గడ్డం నిమురుకుంది.

నాలుగు నెలలు తిరక్కుండానే దగ్గు మళ్ళీ వచ్చింది.

పుల్లమ్మ అదే మందు ఇచ్చింది. గడ్డ తగ్గలేదు. రెట్టింపు ఇచ్చింది. తగ్గింది ఎద్దే, గడ్డ కాదు. మైలన్న లేవలేక గట్టు కింద కూలబడ్డాడు.

అప్పుడు దిగాడు నక్క సాంబయ్య, నోట్లో తాయెత్తు పట్టుకుని. ఎవరి ఇంట్లో ఏడుపు వినబడితే వాళ్ళింటికి వెళ్ళడం అతని అలవాటు.

"అక్కా, నీ మందుకు వంక పెట్టేవాడు పుట్టలేదు. పని చేయలేదంటే తాగినవాడిలోనే ఏదో లోపం. పథ్యం తప్పి ఉంటాడు. ఏ పాపమో కట్టుకుని ఉంటాడు. అందుకే ఈ తాయెత్తు."

నిజం చెప్పొద్దూ, ఆ మాట పుల్లమ్మకు ఒక్క క్షణం తియ్యగా తగిలింది. తప్పు ఎద్దుదైతే తన మందు పరువు నిలుస్తుంది. ఇంతలో మైలన్న తల దించుకుని అన్నాడు: "నిజమేనేమో చెల్లెమ్మా. మొన్న ఒక గుక్క కక్కేశాను. నీకు చెప్పడానికి సిగ్గేసింది."

పుల్లమ్మకు ఆ తీపి చేదెక్కింది. వైద్యురాలిని చూసి రోగి సిగ్గుపడుతున్నాడంటే ఆ వైద్యం ఎవరి కోసం? "ఎద్దు పుండు కాకికి నొప్పా అన్నారు. కాకి నయం, తాయెత్తు అమ్మదు. ఫో ఇక్కణ్ణుంచి!" అని నక్క మీదకు కొమ్ములు వంచింది. కోపం సగం తన మీదే.

ఆ మధ్యాహ్నమే కూలీలు గట్టు మీదకు వచ్చారు, పందికొక్కులకు పొగబెట్టడానికి. చిల్లికుండలో గడ్డి కూరి, నాలుగు ఎండుమిరపకాయలు వేసి, నిప్పంటించి, కుండ మూతిని కలుగుకు ఆనించి ఊపిరి కొద్దీ ఊదారు. ఏటా అదే కుండ, అదే పొగ. వాళ్ళే దగ్గి దగ్గి వెళ్ళిపోయారు. కాసేపటికి పందికొక్కు గాదెయ్య తీరిగ్గా బయటికొచ్చి ఎండలో మీసాలు దువ్వుకున్నాడు.

పుల్లమ్మ చెవులు నిక్కాయి. దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

"గాదెయ్యా, అంత పొగలో బతికావంటే నువ్వు మామూలోడివి కాదయ్యా. ఆ ఒంటి బలం ఎక్కడిది?"

పొగడ్తకు లొంగని పందికొక్కు ఆ గట్టున ఇంకా పుట్టలేదు. గాదెయ్య బొజ్జ ముందుకొచ్చింది.

"బలం కాదక్కా, వంశం! మొదటి ఏడాది ఊదినప్పుడు ఈ గట్టులో మేం నలభైమందిమి. ముగ్గురు మిగిలారు. మా అవ్వకు పుట్టుకతోనే ఒక పిచ్చి, పడుకునే ముందు కన్నానికి మట్టి బిరడా పెట్టేది. అందరూ నవ్వేవాళ్ళు. నవ్వినోళ్ళు పోయారు, అవ్వ మిగిలింది. తాతకు పక్క కన్నాలు తవ్వే పిచ్చి. వచ్చిన పొగ వచ్చినట్టే అటునుంచి బయటికి తోసేసేవాడు."

"మూడోవాడు?"

"మా చిన్నతాత, ఒట్టి బద్ధకస్తుడు. పరుగులు పెట్టేవాడే కదా ఎక్కువ పొగ మింగేది! ఆయన లోపలిగదిలో చచ్చినట్టు పడుకున్నాడు. పొగ తగ్గాక లేచి సంసారం మొదలెట్టాడు. ఇప్పుడు గట్టు నిండా ఉన్నది ఆ ముగ్గురి సంతానమే. అందరికీ మూడు విద్యలూ వచ్చు."

"అయితే కుండ పెద్దది చేస్తే?"

"ఊదేవాడే చస్తాడు," అని గాదెయ్య విరగబడి నవ్వాడు.

పుల్లమ్మకు నవ్వు రాలేదు. రెట్టింపు మందు మింగి కూలబడ్డ మైలన్న కళ్ళలో మెదిలాడు. అయినా గొంతులో తేనె తగ్గించకుండా అడిగింది: "అయితే నీకు దేనికీ భయం లేదన్నమాట. కాలువ నీళ్ళు వదిలినా?"

"నీళ్ళొస్తే పైగదికి ఎక్కుతాం. పొగొస్తే కిందగదికి దిగి బిరడా పెడతాం. అవి రెండూ ఒక్కసారి రాకుంటే చాలు, మాకు..."

గాదెయ్య నాలుక కరుచుకున్నాడు. అప్పటికే పుల్లమ్మ లేచి పరుగెత్తుతోంది.

"అక్కా! ఎవరికీ చెప్పవుగా?"

"నీ గుట్టు నా గడ్డం దాటదయ్యా!" అని వెనక్కి తిరక్కుండానే అరిచింది.

మైలన్న ముందు నిలబడి ఆయాసం తీర్చుకోకుండానే చెప్పేసింది.

"తప్పు నీది కాదన్నా. కక్కిన గుక్కదీ కాదు, పథ్యానిదీ కాదు. నా మందు చంపింది చచ్చేవాటిని. చావనివాటికి ఇల్లు ఖాళీ చేసి అప్పగించింది నేనే. అవే పిల్లల్ని పెట్టాయి. ఇప్పుడు నీ రొమ్ములో ఉన్నవి నా మందును గుమ్మంలోనే ఆపుతాయి, లోపలికెళ్తే బయటికి తోస్తాయి, కాదంటే నిద్ర నటిస్తాయి. నేనేమో మళ్ళీ వచ్చినవి వేరని తెలియక అదే కుండ ఊదుతూ కూర్చున్నాను."

మైలన్న దించిన తల ఎత్తాడు. తర్వాత మెల్లగా, "అయితే నా పాపం కాదా?" అన్నాడు.

"కాదన్నా. కానే కాదు."

ఎద్దు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మందు కంటే ముందు ఆ మాటే అతనికి పనిచేసిందని నా అనుమానం.

పుల్లమ్మ వాళ్ళింటి మాటను కాలువలో కలిపేసి, జీవితంలో మొదటిసారి రెండు మందులు నూరింది. ఒకటి బిరడా తీయడానికి, ఒకటి లోపలికి పోవడానికి. రెండూ ఒకేసారి, ఎద్దు తట్టుకునేంతే. ఇకనుంచి ప్రతి మోతాదుకు ముందూ చెవి ఆనించి వింటానని, రోగం మారితే మందూ మారుతుందని చెప్పింది.

"మొత్తం పోతుందా చెల్లెమ్మా?"

"చెప్పలేనన్నా. అబద్ధం చెప్పను. మళ్ళీ వస్తే మళ్ళీ వింటాను."

అక్కడ గాదెయ్య సంగతి విచిత్రం. పుల్లమ్మ ఎవరికీ చెప్పలేదు, కానీ తను చెప్పేసినందుకు వాడికి ముద్ద దిగలేదు. పొగా నీళ్ళూ కలిసి వస్తాయన్న బెంగతో వారం తిరక్కుండానే పెళ్ళాం బిడ్డల్ని వెంటేసుకుని గట్టు ఖాళీ చేసి పోయాడు. ఇన్నేళ్ళ పొగ చేయలేని పని సొంత నోరే చేసింది.

రెండు నెలల తర్వాత ఒక సాయంత్రం అవతలి బాటన బండి చప్పుడైంది. కర్రెన్న రంకె వేశాడు. జవాబు రాక ఎన్నాళ్ళో అయినా ఆ ఎద్దు మానలేదు, వేస్తూనే ఉన్నాడు. మైలన్న ముందుకాళ్ళు ఊని లేచాడు. ఎడమవైపూ కుడివైపూ గాలి నింపుకున్నాడు. అరిచాడు.

బాట మీద బండి ఆగిపోయింది. బండివాడు అదిలించినా కర్రెన్న కదలలేదు, ఇంకొక్కసారి విన్నాకే కదిలాడు.

నీతి: దెబ్బకు చావక మిగిలిన శత్రువు పాత శత్రువు కాదు, వాణ్ణి కొట్టేముందు పాత కర్ర పక్కన పెట్టి, కొత్తగా చెవిపెట్టి వినాలి.