పదో పలక

బహుధాన్య నామ సంవత్సరం, మాఘ శుద్ధ దశమి, గురువారం, పొద్దెక్కి నాలుగు గడియలు. మా ఇంట్లో ఈ కథని తిథితో సహా చెప్పుకుంటాం. మా తాతగారి తాత చిదంబరయ్యగారు రాజావారి పడవల సరంగు. ఆయన ఏటి ఒడ్డున పడవ బాగుచేసుకుంటుంటే రాజావారు చరచరా వచ్చారు.

ఉగాదికి రేవు మండపం లేవాలని ఆయన ముచ్చట. గోడ ఒక్క వరస కూడా లేవలేదు.

"పని సిద్ధమా, కాదా?"

పని చూసే పేష్కారు సూరపరాజుగారు మీసం సవరించుకున్నారు.

"నూటికి తొంభై పాళ్ళు సిద్ధం, ప్రభూ! పది సరుకులకి పది జెండా కర్రలు, సరుకు చేరగానే దాని జెండా ఎగరేస్తాం. తొమ్మిదింటి మీద జెండా ఎగురుతోంది, చూడండి. ఈ మేస్త్రీ బంగారప్పే వారంగా కదలడు."

"రేపటికి గోడ మొదలవకపోతే పెళ్ళాంబిడ్డలతో ఊరు వదలాలి," అన్నారు రాజావారు.

బంగారప్ప చేతులు జోడించాడు.

"మహాప్రభో! గానుగ రాయి రాలేదండి. అది తిరిగితేనే సున్నం మెత్తబడేది. సున్నం లేకుండా కడితే గోడ కూలీల మీద పడుద్దండి."

"పదింట ఒక్కటి! దానికింత ఏడుపా?" అని నవ్వారు పేష్కారుగారు.

చిదంబరయ్యగారు సుత్తి కిందపెట్టి దణ్ణం పెట్టారు.

"ఆ రాయి అవతలి ఒడ్డునే పడుంది, ప్రభూ. పేష్కారుగారు వెళ్ళి తెప్పిస్తే సరి. పడవ సిద్ధం."

పేష్కారుగారు ఠీవిగా కాలెత్తి, అలాగే ఆగిపోయారు. పడవ అడుగున జానెడు ఖాళీ. కింద ఇసుక కనిపిస్తోంది.

"ఇదేమిటయ్యా!"

"అడుగుకి పది పలకలండి. తొమ్మిది బిగించాను. తెడ్లున్నాయి, తాడుంది, తమకి పరుపు కూడా వేశాను. తొంభై పాళ్ళు సిద్ధం. ఎక్కండి!"

"మునిగి చావమంటావా?"

"ఒక్క పలకే కదండీ. దానికింత ఏడుపా?"

రాజావారు పొట్ట పట్టుకుని నవ్వారు. కూలీలు తలపాగాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఆ జెండాలన్నీ పీకెయ్యండి. ఒక్కటే ఉంచండి. పని సిద్ధమైందని తాపీ పట్టేవాడు అన్నప్పుడే, వాడి చేత్తోనే అది ఎగరాలి. బంగారప్పా, ఊళ్ళోనే ఉండు. పేష్కారూ, పదో పలక బిగించేదాకా మేకులు అందించు!"

తన భుజం మీది శాలువా తీసి చిదంబరయ్యగారికి కప్పారు.

మర్నాడు ఉదయం ఆయన భార్య సీతాలమ్మగారు ఆ శాలువాని రాములవారి ముందుంచి పరమాన్నం పొయ్యి మీద పెట్టింది. ఇంటిల్లిపాదీ ఆకలితో కూర్చున్నారు.

"అయిందా?" అన్నారు చిదంబరయ్యగారు.

"బెల్లం ఒక్కటే కరగాలి."

ఆయన నైవేద్యం గంట వైపు చెయ్యి చాపారు. కరిగేదాకా ఆవిడ గంట ముట్టుకోనివ్వలేదు.