గాలిమెట్ట దిగాక గీసిన గీత

“చివరి కొండ నీదే పైడితల్లీ. జట్టంతా నీకోసమే తొక్కుతుంది.”

జనవరిలో సన్యాసిరావు మాస్టారు ఇచ్చిన మాట ఇది. మార్చిలో ఆయనే తప్పారు.

సైకిల్ రేసు గాలిమెట్ట ఎక్కి, కొండ మీదే ముగియాలి. కొండెక్కడంలో పైడితల్లిని మించినవాళ్ళు మూడు జిల్లాల్లో లేరు. కానీ నిర్వాహకులు ముగింపును కొండ దిగాక వచ్చే సముద్రపు రోడ్డుకి మార్చేశారు. అక్కడైతే అతిథులకు కుర్చీలు వేయొచ్చట. తొక్కేవాళ్ళని ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రమే మాస్టారు జట్టుని పిలిచి, “ఈసారి ముంతాజ్ కోసం తొక్కుతాం” అన్నారు. చదును రోడ్డు మీద, చివరి రెండొందల మీటర్లలో ముంతాజ్‌ని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

పైడితల్లి హెల్మెట్ తీసి నేలకేసి కొట్టింది.

“జనవరిలో ఏమన్నారు మాస్టారూ?”

“అప్పుడు ముగింపు గీత కొండ మీదుంది.”

“చెమట ఒకరిది, పతకం ఇంకొకరిదా? దోపిడీ అంటే ఇదే! కొండ మీదే అందర్నీ వదిలేసి పోతాను. ఒక్కదాన్నే గెలుస్తాను. నాకెవరూ అక్కర్లేదు.”

“సరే. పోయి చూపించు.”

మర్నాడు పొద్దున్నే ఆయన స్కూటర్ మీద ముందుగా వెళ్ళి, కొండ నెత్తిన రోడ్డుకి అడ్డంగా సుద్దతో గీత గీశారు. పైడితల్లి దాన్ని ఒంటరిగా దాటింది. జట్టులో మిగతా నలుగురూ వెనక ఎక్కడో మలుపుల్లో ఉన్నారు.

“చూశారా!” అని అరిచింది.

ఆయన స్కూటరెక్కారు. స్కూటర్ ఆమెను దాటి కొండ దిగింది. కింద, సముద్రం పక్కన ఇంకో గీత పడింది.

చదును మీద ఎదురుగాలి. వెనక నలుగురూ ముందు తొక్కడానికి వంతులేసుకుని, ఒకరి చాటున ఒకరు దాగి వచ్చారు. గీత ఇంకా దూరంగా ఉండగానే ఆమెను దాటేశారు.

“ఏటక్కా, గాలి గట్టిగా తగిలిందేటి?” అంది ముంతాజ్.

“నోర్ముయ్యే!”

మాస్టారు అందర్నీ మళ్ళీ కొండ మొదటికి తీసుకెళ్ళారు. “ముంతాజ్, ఈసారి పైడితల్లి వెనక చక్రం వదలకు. ఊపిరందకపోతే కేకెయ్యి.” పైడితల్లి వైపు తిరిగారు. “అది అరిస్తే కాస్త తగ్గు. మిగతా ముగ్గురి కోసం తగ్గకు.”

ముంతాజ్ రెండుసార్లు అరిచింది. పైడితల్లి పళ్ళు బిగించి, రెండుసార్లూ తగ్గింది.

కొండ నెత్తిన మాస్టారు వాళ్ళని ఆపారు.

“వెనక్కి చూడు. ఎవరున్నారు?”

“ఇదొక్కతే.”

“మిగతావాళ్ళు?”

కింద రెండో మలుపు దగ్గర ముగ్గురు విడివిడిగా, సైకిళ్ళ మీద వేలాడుతూ వస్తున్నారు.

“రేసు రోజు అక్కడ ఎవరుంటారు?”

పైడితల్లి ఆ మలుపు వైపు చూసింది. అవతలి జట్లలో చదును మీద దూసుకుపోయేవాళ్ళ ముఖాలన్నీ ఆమెకు తెలుసు. తను ఇలాగే తొక్కితే ఆ ముఖాలన్నీ ఆ మలుపులోనే మిగిలిపోతాయి.

“అయినా పతకం దీనిదే కదా,” అంది చివరికి. కోపం పోలేదు కానీ గొంతు తగ్గింది.

ముంతాజ్ తల దించుకుంది.

“దీనిదే,” అన్నారు మాస్టారు. “కొండని రేసు మధ్యకి తెచ్చింది నిర్వాహకులు. దాని మీద నువ్వు ఎవరికోసం తొక్కుతావో చెప్పాల్సింది మాత్రం నువ్వే. ఏప్రిల్ పదకొండున జట్టు పేర్లు ఇవ్వాలి, ఆ సాయంత్రానికల్లా నాకు జవాబు కావాలి.”