బాగుందమ్మ మెట్ట

పనసలపాడు ఘాట్ రోడ్డులో పదకొండో మలుపు దగ్గర బస్సు దిగి, ఎడమ చేతి వైపు మెట్లెక్కితే బాగుందమ్మ తల్లి సన్నిధి వస్తుంది. గోపురం లేదు, ప్రాకారం లేదు. రేకుల కప్పు కింద నడుమెత్తు రాయి, దాని ముందు పసుపు పూసిన ఇనుప దాగలి. కమ్మరులు కాలిన ఇనుమును పెట్టి కొట్టే దిమ్మ అది. లోయ గాలికి దీపం నిలవదు కనుక హారతిని కొంగు అడ్డం పెట్టి ఇస్తారు. 'ఇదేం పేరండీ, బాగుందమ్మ!' అని కొత్తవాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. కథ విన్నాక నవ్వినవాళ్ళను మాత్రం మేము ఇంతవరకు చూడలేదు.

పూర్వం ఇక్కడ కాలిబాట తప్ప మరో దారి లేదు. ఘాట్ రోడ్డు వేసే రోజుల్లో, గునపాలకు పదును పెట్టే పని మీద నేపాలు దేశం నుంచి హర్కబహదూర్ అనే కమ్మరి వచ్చాడు. వెంట భార్య మనమాయ. రోడ్డు పూర్తయింది, కూలీలు ఎవరి ఊరికి వారు పోయారు. ఈ ఇద్దరూ ఉండిపోయారు. వారి ఊరి మీద కొండచరియ విరిగిపడి, ఇల్లూ వాకిలీ అయినవాళ్ళూ అందరూ మట్టిలో కలిసిపోయారు. ఇక వెళ్ళి తలుపు తట్టడానికి వారికి ఒక్క గుమ్మమైనా మిగలలేదు.

హర్కబహదూర్ ఈ మెట్ట మీద కొలిమి పెట్టి, తమ దేశపు తీరులో వంపు తిరిగిన కత్తులు చేయసాగాడు. మనమాయ తిత్తి ఊదేది, కొయ్య పిడులకు లక్క పోసి బిగించేది. వెదురు కొట్టేవారు, మేకలు కోసేవారు, పనసకాయలు కోసి సంతలో అమ్మే ఆడవారు, అందరూ ఆ కత్తికే అలవాటు పడ్డారు. 'గూర్ఖా కత్తి ఉన్న ఇంట్లో ఇంకో కత్తికి పనేముంది' అనే మాట చుట్టుపక్కల పన్నెండు ఊళ్ళలో పుట్టింది. అన్ని ఊళ్ళలోనూ పుట్టింది గానీ, మెట్ట మీద మాత్రం ఒక్కరూ అనలేదు.

ఇక్కడే వచ్చింది చిక్కంతా. హర్కబహదూర్ తండ్రి, ఆయన కూడా కమ్మరే, కొడుక్కు సమ్మెట అప్పగించేనాడు ఒక మాట చెప్పాడు: 'కత్తి అందుకున్నవారి నోట బాగుందన్న మాట పడితేనే నీ పని పూర్తయినట్టు. ఇంటివాళ్ళు అంటే లెక్కలోకి రాదు. పన్నెండేళ్ళు ఆ మాట వినకపోతే నీ చెయ్యి చెడిందని తెలుసుకో, కొలిమి ఆర్పెయ్.' వారి భాషలో బాగుందనడానికి 'రామ్రో' అంటారు. కనుక హర్కబహదూర్ కత్తి చేతిలో పెట్టగానే రెండు కనుబొమలూ ఎత్తి, 'రామ్రో?' అని అడిగేవాడు.

మనవాళ్ళకు వినిపించింది రాముడి పేరు. ఆహా, ఎంత భక్తిపరుడో అనుకుని, కత్తి చంకన పెట్టుకుని రెండు చేతులూ జోడించి, 'రామ రామ!' అని వెళ్ళిపోయేవారు. ఛీ ఛీ అనే చోట కూడా 'రామ రామ' అంటారని ఆయన రోడ్డు పనిలో మేస్త్రీల నోట విని ఉన్నాడు. ఇంకేముంది! బాగుందా అని అడిగితే, రామ రామ అని దణ్ణం పెట్టి పోతున్నారని ఆయన గుండెలో నాటుకుపోయింది.

తెలుగులోనైనా నోరు విప్పి మెచ్చుకోకపోవడానికి మరో కారణం ఉంది. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందని మనవారి నమ్మకం. మంచి వస్తువును బాగుందంటే దిష్టి తగులుతుంది. చంటిబిడ్డను ముద్దొస్తున్నాడని అనం కదా, అంతే. కత్తి ఎంత నచ్చితే అంత గట్టిగా నోరు మూసుకునేవారు.

మనమాయ సంతకు వెళ్ళి నాలుగు తెలుగు ముక్కలు నేర్చింది. పనసకాయలు అమ్మే సన్యాసమ్మతో ఆవిడకు స్నేహం కుదిరింది. దిష్టి సంగతి సన్యాసమ్మ నోటే విని, పరుగున వచ్చి మగడికి చెప్పింది. "వాళ్ళకు మన కత్తులంటే ప్రాణమట. దిష్టి తగులుతుందని అనరట."

హర్కబహదూర్ సమ్మెట దించకుండానే, "నా మనసు కుదుటపడాలని చెప్తున్నావు. నువ్వు ఇంటిదానివి. వాళ్ళకు చెప్పి అనిపించుకుంటే అదీ లెక్కలోకి రాదు" అన్నాడు.

కొలిమి పెట్టిన పదో ఏట మనమాయ మన్నెం జ్వరంతో మూడు రోజుల్లో పోయింది. కొలిమి వెనకే దహనం చేసి, ఆ చోట ఆయన ఒక రాయి నిలిపాడు. ఊళ్ళన్నీ కదిలి వచ్చాయి. బియ్యం, బెల్లం, పనసపండ్లు తెచ్చి గుమ్మంలో పెట్టి, తలలు వంచుకుని వెళ్ళిపోయారు. ఆ తరువాత ఆయన ఒక చేత్తో తిత్తి ఊదుకుంటూ, ఒక చేత్తో కొట్టుకుంటూ బతికాడు. పలకరించే మనిషి లేదు. తమ భాషలో ఒక్క మాట విని రెండేళ్ళయింది. ఒక్కోసారి ఆయనే 'రామ్రో?' అని రాయిని అడిగేవాడట.

పన్నెండో ఏడు నిండవచ్చింది. అప్పటికైనా ఒక్కరు ఆ మాట అనకపోతారా అని, ఆయన సన్యాసమ్మ కోసం ఒక కత్తి చేశాడు. అంతకు ముందు చేసిన కత్తులన్నీ ఒక ఎత్తు, అది ఒక ఎత్తు. అందుకున్న సన్యాసమ్మ కళ్ళు చెమర్చాయి. గొంతు దాకా వచ్చిన మాటను మింగేసి, "రామ రామ" అని దణ్ణం పెట్టి వెళ్ళింది.

వారం ఆగి ఆయన పనసలపాడులో ఆమె గుమ్మం ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. ఇంట్లో ఎవరూ లేరు. గుమ్మం పైన ఆ కత్తి వేలాడుతోంది. అద్దంలా మెరిపించి ఇచ్చిన అంచు మీద మసి పూసి ఉంది. పిడికి నల్లతాడు కట్టి, ఆ తాడుకే ఒక పాతచెప్పు కట్టి ఉంది. కాయలు కోయడానికి వెళ్ళే పూట దించుకుని, రాగానే ఆ దిష్టి సరంజామాతో సహా దేవుడి పటంలా పైన పెట్టుకునే అలవాటు ఆ తల్లిది. ఊళ్ళో పసిపిల్లవాణ్ణి అడిగినా అది దిష్టికని చెబుతాడు. కానీ ఎవరిని అడుగుతాడు? ఏ భాషలో అడుగుతాడు? తన చేతి పని పక్కన చెప్పు వేలాడుతోంది. అదొక్కటే ఆయన కంటపడింది.

మెట్ట మీదకు వచ్చి కొలిమిలో కడవెడు నీళ్ళు పోశాడు. సమ్మెట భుజాన వేసుకున్నాడు. దాగలి ఎత్తలేక వదిలేశాడు. మనమాయ రాయి ముందు కాసేపు కూర్చుని, లేచి, ఘాట్ రోడ్డు పట్టాడు.

అదే మధ్యాహ్నం సంతలో పనసకాయల కుప్పకు చేరగిలబడి సన్యాసమ్మ కునుకు తీసింది. కలలో మనమాయ కనిపించింది. తిత్తి ఊదుతోంది గానీ నిప్పు రాజుకోవడం లేదు. "వదినా, ఆయన అడిగింది రాముణ్ణి కాదు. బాగుందా అని అడిగాడు. పన్నెండేళ్ళు అడిగాడు. ఎవరైనా చెప్పండి" అంది.

సన్యాసమ్మ కేక పెట్టి లేచింది. "ఓలమ్మో, మనం ఎంత పని సేసినామే!" అంటూ పాత కాలిబాటన మెట్ట మీదకు పరుగు తీసింది. సంతంతా ఆమె వెనకే పరుగు తీసింది. కొలిమి తడిగా ఉంది. పదకొండో మలుపులో నిలబడి చూస్తే, కిందెక్కడో మూడో మలుపులో సమ్మెట మోసుకుపోతున్న మనిషి చీమంత కనిపించాడు. దారిలో ఆ కల సంగతి విన్న అందరూ ఒక్క గొంతుతో, ఆయన భాషలోనే, "రామ్రో! రామ్రో!" అని అరిచారు. గాలి ఎదురు కొడుతోంది. అన్నేళ్ళు 'రామ రామ' విన్న చెవికి అది కూడా అలాగే వినిపించిందేమో, ఆయన అడుగు వేగం పెంచాడు.

ఆయన తల తిప్పి చూశాడని, చేయి ఊపాడని చెప్పేవారున్నారు. అది మన మనసు కుదుటపడడానికి చెప్పుకునే మాట. ఆ మాట ఆయనకు అందలేదు. తరువాత ఎక్కడున్నాడో, ఎవరి అరుగు మీద కన్ను మూశాడో తెలిసినవారు లేరు. వెతకడానికి వెళ్ళినవారు వట్టి చేతులతో తిరిగొచ్చారు.

ఆ సాయంత్రం సన్యాసమ్మ కత్తి తెచ్చి దాగలి మీద పెట్టింది. ఆ ఇంటివారిలో ఇక్కడ మిగిలింది ఆ రాయి ఒక్కటే. దాని ముందు కూలబడి, "బాగుందమ్మా! శానా బాగుంది. మీ ఆయనకి నువ్వే సెప్పాలి తల్లీ" అని గుండెలు బాదుకుంది. ఒకరి తరువాత ఒకరు కత్తులు తెచ్చి, బాగుందమ్మా, బాగుందమ్మా అని చెప్పుకున్నారు. ఆ పిలుపే తల్లికి పేరయింది.

నేటికీ ప్రతి శుక్రవారం భక్తులు తమకు మేలు చేసిన చేతుల పనిని ఇక్కడికి తెస్తారు. అమ్మమ్మ కుట్టిన బొంత, వడ్రంగి తాత చేసిన పీట, ఎవరో నేసిన చీర. దాగలి మీద ఉంచి, చేసినవారి పేరు పైకి చెప్పి, బాగుందమ్మా అంటారు. చెప్పలేకపోయిన మాట తల్లి చేరవేస్తుందని, చెప్పినవారి గుండె బరువు దిగుతుందని నమ్మకం. ఈ మెట్ట మీద ఏ మెప్పుకూ దిష్టి తగలదు.

అర్చన సన్యాసమ్మ వంశంలోని ఆడవారిదే. కొబ్బరికాయ అందుకునే ముందు వారు ప్రతి ఒక్కరినీ ఒక ప్రశ్న అడుగుతారు. "ఇది సేసిన మనిషి ఉన్నారా, పోయారా?" పోయారంటే కాయ కొడతారు. ఉన్నారంటే మాత్రం, ఎంత దూరం నుంచి వచ్చినా, ఎంత బతిమాలినా, కాయ తిరిగి చేతిలో పెట్టేస్తారు.

"అమ్మ ఎక్కడికీ పోదు. కింద బస్సుంది, ముందు ఆరికి సెప్పి రండి."