ఏడు తాటిచెట్ల లోతు

ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక చిన్న లంక ఉంది. అక్కడి పశువులకి మేత బాగానే దొరుకుతుంది, కబుర్లు అంతకన్నా బాగా దొరుకుతాయి. ఆ వేసవిలో కబుర్లన్నీ నక్క పరమేశం పెట్టిన ఓడ విహారం గురించే.

ఓడంటే మరీ ఓడేం కాదు లెండి. రెండు పడవలు జతచేసి పైన బల్లలు కొట్టిన పాత పంటు. దాన్ని ఎవరో రేవులో వదిలేసి పోతే, పరమేశం పైన కొబ్బరాకుల పందిరి వేసి, చేత గెడ పట్టుకుని, ఉన్నట్టుండి పెద్దమనిషి అయిపోయాడు.

"సముద్రం అడుగున తోటుందండీ బాబూ!" అని ఇంటింటికీ తిరిగి చెప్పాడు. "పగడాల చెట్లు, వాటి మధ్య పసుపు చేపలు, నీలం చేపలు. ఈదక్కర్లేదు, మునగక్కర్లేదు. బొప్పాయి కాడ నోట్లో పెట్టుకుని తల ముంచితే చాలు, గాలి పైనుంచి అదే వస్తుంది. తలా ఒక తిండిమూట తెచ్చుకోండి. మధ్యాహ్నం ఓడమీదే పంక్తి భోజనం!"

అందరికన్నా ఎక్కువ ఆశపడింది గేదె కాటుక. పుట్టిన దగ్గర్నుంచీ రోజూ మడుగులో మెడలోతున పడుకునేదే గాని, ఆ బురదనీళ్లలో ఏనాడూ తన కాళ్లు తనకి కనిపించలేదు. నీళ్లంటే పడిచచ్చే తనకి నీళ్లలో ఏముందో తెలియకపోవడం పెద్ద వెలితిగా ఉండేది. పైగా చూలుతో ఉంది. వచ్చే నెలలో ఈనితే ఇక దూడ, పాలు, కట్టుకొయ్య. వెళ్తే ఇప్పుడే వెళ్లాలి. అందుకని యజమాని పెట్టే బెల్లం కలిపిన తెలగపిండి ఉండల్ని పదిరోజులు కడుపు కట్టుకుని మూటలో దాచింది.

ఆమెతోపాటు గాడిద వీర్రాజు, మేక మంగతాయి పంటు ఎక్కారు. వీర్రాజు తెలియదన్న మాట జన్మలో అనడు. మంగతాయి నోరు మాట్లాడుతూనో నములుతూనో ఉంటుంది తప్ప ఊరికే ఉండదు. పరమేశం గెడ వేసి చాలాసేపు నడిపాడు. ఒకే ఇసుకమేట చుట్టూ మూడుసార్లు తిప్పాడని పందిరి కింద కూర్చున్నవాళ్లకి తెలియలేదు.

"ఇదేనండీ నడిసముద్రం!" అన్నాడు చివరికి. "కింద ఏడు తాటిచెట్ల లోతు. కాలు జారితే నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. కాళ్లు బల్లమీదే ఉంచి తలలు మాత్రం ముంచండి."

కాడలు పంచాడు. మంగతాయి తన కాడని అక్కడికక్కడే నమిలి మింగేసింది.

"అది తినేది కాదమ్మా, ఊపిరి పీల్చేది!"

"ముందే చెప్పాలి కదయ్యా! చేదుగా ఉందేంటా అనుకుంటూనే తిన్నాను."

పరమేశం విసుక్కోకుండా ఇంకో కాడ ఇచ్చాడు. "ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఒకరు తల ఎత్తినా చేపలన్నీ బెదిరిపోతాయి. మీ వల్ల పక్కవాళ్ల సరదా పాడు కాకూడదు. నేను చెప్పేదాకా ఎవరూ కదలొద్దు."

ముగ్గురూ వరసగా తలలు ముంచారు. అది ఆటు వేళ. ఏట్లోని బురదంతా ఆ దారినే సముద్రంలోకి పోతోంది. కాటుకకి ఎంత కళ్లు విప్పినా టీనీళ్ల రంగు తప్ప ఏమీ కనిపించలేదు.

"కనిపిస్తున్నాయాండీ?" పరమేశం పైనుంచి అడిగాడు.

"ఓహో! పచ్చ చేప!" వీర్రాజు గొంతు కాడలోంచి బొంగురుగా వచ్చింది.

"నాకు రెండు!" అంది మంగతాయి కాడ.

కాటుక "ఊఁ" అని ఊరుకుంది. అబద్ధమాడినందుకు సిగ్గేసింది. అందరికీ కనిపించేవి తనకే కనిపించడం లేదంటే కళ్లు పాడైనట్టే కదా అని ఏడుపొచ్చింది. నీళ్లలో ఏడిస్తే ఎవరికీ తెలియదు గనక కాసేపు ఏడ్చింది కూడా. ఎండ వీపు మాడుస్తోంది. కడుపులో దూడ తంతోంది. వంగి వంగి నడుం పట్టేసి, ఇక ఆగలేక ముందుకాలు కొంచెం బల్ల మీంచి దించింది.

కాలికి నేల తగిలింది!

ఏడు తాటిచెట్లు కాదు కదా, మోకాలికి మించి లోతు లేదు. కాటుక చటుక్కున తల ఎత్తింది. పందిరి నీడలో పరమేశం కాళ్లు బారజాపుకుని కూర్చున్నాడు. మంగతాయి తెచ్చిన అరటిపళ్లు తొక్కలయ్యాయి, వీర్రాజు మొక్కజొన్న పొత్తులు బెండులయ్యాయి. ఆఖరి తెలగపిండి ఉండ అతని దవడలో ఉంది.

"పంక్తి భోజనం అన్నావు. ఒక్కడిదేనా పంక్తి?" అంది కాటుక.

"ఎండకి పాడవుతాయేమోనని రుచి చూస్తున్నానండీ..."

కాటుక అతన్ని పట్టించుకోకుండా నీళ్లలోకి దిగి, పక్కనున్న ఇద్దర్నీ కొమ్ముతో పొడిచింది. "లేవండి. ఇక్కడ మోకాలి లోతే."

"ష్! చేపలు బెదురుతాయి," అన్నాడు వీర్రాజు.

"ఏ చేపలు?"

వీర్రాజు మెల్లిగా తల ఎత్తాడు. "నిజం చెప్పనా కాటుకా? నాకేమీ కనిపించలేదు. తెలియదంటే నవ్వుతారని..."

"ఓరి నీ పచ్చ చేప తగలెయ్య! నువ్వు ఒకటి చూశావని కదా నేను రెండన్నాను!" అంది మంగతాయి.

కాటుకకి తన కళ్లు బాగానే ఉన్నాయని ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే పదిరోజుల ఆకలి గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. మేకని వీపున ఎక్కించుకుని, గాడిదని వెంటపెట్టుకుని ఇసుకమేట మీదికి చేరింది.

అంతలో ఆటు తిరిగి పోటు మొదలైంది. బరువు దిగిన పంటు తేలి గిర్రున తిరిగింది. బురదలో దిగబడ్డ గెడ పరమేశం చేతిలోంచి జారి అక్కడే ఉండిపోయింది.

"అమ్మా కాటుకమ్మా! నాకు ఈత రాదు తల్లీ!"

"పోనీలే, ఏడు తాటిచెట్ల లోతు చూసొస్తాడు," అన్నాడు వీర్రాజు.

కాటుక మాత్రం నీళ్లలోకి దిగింది. ఎంత వెధవైనా కళ్లముందు కొట్టుకుపోతుంటే చూస్తూ నిలబడటం ఆమెకి చేతకాదు. పంటు తాడు అందేంత దూరం వెళ్లి, అడుగు ఎక్కడ వెయ్యాలా అని కిందికి చూసింది.

నాలుగు కాళ్లూ కనిపించాయి. సముద్రం నుంచి వస్తున్న పోటునీళ్లు గాజులా ఉన్నాయి. గిట్టల చుట్టూ వెండి చేపపిల్లలు మూగుతున్నాయి. ఒక ఎర్రపీత గిట్ట మీదికి ఎక్కి, అవతలికి దిగి, తన దారిన తను పోయింది. పగడాలు లేవు, తోటా లేదు. అయినా కాటుకకి ఒళ్లంతా సంతోషం పొంగింది.

"అమ్మా, తాడు!" పరమేశం కేక పెట్టాడు.

"ఉండవయ్యా, చూడనీ." కాటుక తలెత్తకుండానే అంది. "వీర్రాజూ, మంగతాయీ, రండి! ఈసారి నిజంగానే ఉన్నాయి!"

వాళ్లు వచ్చి చూసి, నోరు తెరిచేశారు. మంగతాయి కూడా ఏమీ నమలలేదు.

"లాగుతాను గాని," అంది కాటుక నక్కతో, "రేవులో రేపటి జట్టు చోటు అడగడానికి మూటలతో నిలబడి ఉంటుంది. వాళ్లకి ఈ విహారం సంగతంతా నీ నోటితో నువ్వే చెప్పాలి."

"అంత పని చెయ్యకమ్మా! ఇంకెవరైనా ఎక్కుతారా?"

"నీ ఇష్టం. నాకేం తొందర లేదు. ఇక్కడ చూడ్డానికి చాలా ఉంది."

పంటు ఇంకో చుట్టు తిరిగేసరికి పరమేశం ఒప్పుకున్నాడు. కాటుక తాడు నోట కరిచి పంటుని రేవుదాకా లాక్కొచ్చింది. రేవులో బాతులూ కోళ్లూ ఆశగా ఎదురుచూస్తున్నాయి. వాటి ముందు నిలబడి, ఇసుకమేట చుట్టూ తిప్పడం దగ్గర్నుంచి ఆఖరి తెలగపిండి ఉండ దాకా అన్నీ చెప్పాడు. మధ్యలో ఏదైనా మాట మింగబోతే మంగతాయి అందించింది. చివరికి బాతులు మూటలు అక్కడే విప్పి తినేశాయి. ఒక్క మెతుకైనా పరమేశం వైపు తొయ్యలేదు.

"రేపు పోటు వేళకి రండి. ఓడా వద్దు, కాడా వద్దు. నడిచే వెళ్దాం," అంది కాటుక.

నీతి: పదిమందీ తలలు ముంచారని మనమూ ముంచేముందు, లోతెంతో కాలు పెట్టి చూసుకోవాలి.