కోరయ్య తీసేసిన దుంగ

అనగనగా, పెద్ద కార్చిచ్చు అడవిని సగం కాల్చిపోయిన మరుసటి ఏడు. ఇప్పపూలు రాలే కాలం. ఆ అడవిలో బూదవ్వ అనే ముసలి ఎలుగుబంటి ఉండేది.

బూదవ్వకు చూపు తగ్గిపోయింది. ఒక్కసారిగా కాదు. ముందు దూరాన ఉన్న కొండ పోయింది. తర్వాత ఎదురుగా ఉన్నవాళ్ల మొహాలు పోయాయి. కంటికి నడిమధ్య అంతా మసక. పక్కల మాత్రం కాస్త వెలుతురు మిగిలింది. అందుకని ఎవరు పలకరించినా మొహం పక్కకు తిప్పి, ఓరగా చూసేది.

"అవ్వా, నేనిక్కడుంటే ఆ చెట్టుతో మాట్లాడతావేం?" అని నవ్వేవాడు తోకన్న. తోకన్న ఒక కొండముచ్చు. ఎప్పుడూ కొమ్మమీదే ఉంటాడు.

"చెట్టయితే మధ్యలో నోరు పెట్టదురా," అనేది బూదవ్వ.

పిల్లలూ, చూపు లేకపోయినా బూదవ్వ రోజూ తెల్లవారగానే వాగుకు వెళ్లేది. ఒక్కతే వెళ్లేది. ఎలాగంటారా? గుహ ముందు ఒక పలకరాయి ఉంది. అక్కడినుంచి నేరుగా నడిస్తే కాలికి చెదపుట్ట తగులుతుంది. పుట్ట దాటి ఇంకొంచెం పోతే, కార్చిచ్చులో కూలిన మద్దిదుంగ దారికి అడ్డంగా ఉంటుంది. దాని బొగ్గువాసన ముందే ముక్కుకు తెలుస్తుంది. దుంగ తగలగానే ఎడమకు తిరగాలి. తిరగకుండా పోతే లోయ. తిరిగితే వాగు, వాగు గట్టున ఇప్పచెట్టు. బూదవ్వ నీళ్లు తాగేది. వాసన పట్టి ఒక్కొక్క పువ్వే ఏరుకుని తినేది. మళ్లీ అదే దారిన ఇంటికి వచ్చేది.

ఆ అడవిలోనే కోరయ్య అనే అడవిపంది ఉండేవాడు. అంత పెద్ద కోరలు అక్కడ ఇంకెవరికీ లేవు. అందుకే ఆ పేరు. పసివాడుగా ఉన్నప్పుడు బురదలో కూరుకుపోతే, బూదవ్వే చెవి కొరికి పట్టుకుని బయటకు లాగింది. చెవి చిరిగింది. ప్రాణం మిగిలింది. అప్పటినుంచి కోరయ్యకు అమ్మయినా అవ్వయినా బూదవ్వే.

ఒకరోజు బూదవ్వ పుట్ట దగ్గర తూలడం కోరయ్య చూశాడు. పడిపోతుందేమోనని హడలిపోయాడు.

మర్నాడు గుహకే పూలు తెచ్చాడు. "నువ్వు కూర్చో అవ్వా. నేనున్నానుగా," అన్నాడు. బూదవ్వ కూర్చుంది. పది రోజులు కూర్చుంది. పదకొండోనాడు లేవబోతే మోకాళ్లు పట్టేశాయి.

"ఒరే, ఇలా కూర్చోబెడితే నా కాళ్లు వాగును మరిచిపోతాయి. రేపటినుంచి తేవద్దు," అంది.

సరేనని కోరయ్య ఈసారి తోడు వచ్చాడు. వెనక నిలబడి మూతితో నెట్టడం మొదలుపెట్టాడు.

"పద అవ్వా, పద! ఇటు కాదు, అటు!"

"నన్ను బండరాయిలా దొర్లిస్తావేంట్రా? నువ్వు ముందు నడువు. నీ వీపుమీద చెయ్యి వేసుకుని నేనే వస్తాను."

కోరయ్య ముందు నడిచాడు. కాని నెమ్మదిగా నడవడం అతని వల్ల కాలేదు. రెండు అడుగులకే వీపు చేతికింది నుంచి జారిపోయింది. ఇద్దరూ తిట్టుకుంటూ వెనక్కి వచ్చారు.

మూడోసారి కోరయ్య బాగా ఆలోచించాడు. "అడ్డాలు ఉండబట్టే కదా తూలుతోంది! దారే నున్నగా చేసేస్తే?" అనుకున్నాడు. మధ్యాహ్నం బూదవ్వ కునుకు తీస్తుండగా పని మొదలుపెట్టాడు. చెదపుట్టను కుమ్మి చదును చేశాడు. మద్దిదుంగను కోరలతో దొర్లించి లోయలో పడేశాడు.

"అవ్వను అడిగావా?" అన్నాడు తోకన్న కొమ్మమీద నుంచి.

"అడిగితే వద్దంటుంది. మొండిది."

"వద్దనేది ఎందుకు చేస్తున్నావు మరి?"

"ఆమె మంచికే," అన్నాడు కోరయ్య. చెమట తుడుచుకుని, నున్నటి దారిని చూసి మురిసిపోయాడు.

తెల్లవారింది. బూదవ్వ బయలుదేరింది. పుట్ట తగలలేదు. "ఇంకా అంత దూరం రాలేదేమోలే," అనుకుంది. ఇంకా నడిచింది. బొగ్గువాసన రాలేదు. దుంగ కోసం కాలు చాపి వెతికింది. నున్నటి నేల తగిలింది. ఇంకో అడుగు వేసింది. అక్కడ నేల లేదు.

తోకన్న కేకకు కోరయ్య పరుగెత్తుకొచ్చాడు. తీగలు కట్టి ఇద్దరూ లాగితే సాయంత్రానికి గాని బూదవ్వ పైకి రాలేదు. కుడి ముందుకాలు విరిగింది.

కోరయ్య గుహలో ఒక మూల కూలబడి ఏడ్చాడు. "తప్పయిపోయింది అవ్వా. ఇక నువ్వు గడప దాటొద్దు. నీళ్లూ పూలూ అన్నీ నేనే తెస్తాను."

"విరిగింది నా కాలు," అంది బూదవ్వ. "భయం పట్టుకుంది నీకు. నీ భయానికి నన్ను కట్టేస్తావా?"

కోరయ్య ముక్కు చీదుకున్నాడు.

"నాకేం కావాలో నన్ను ఒక్కసారైనా అడిగావట్రా?"

కోరయ్య తలెత్తి అడిగాడు. "ఏం కావాలవ్వా?"

"నా దుంగ నాకు కావాలి."

"ఇంకో దుంగ తెస్తాను. మంచిది, నున్నటిది."

"నీ నున్నదనం నాకొద్దు. ఆ కాలిన దుంగే నా ముక్కుకు తెలుసు. దాన్ని దాని చోటే పెట్టు. వాగు దగ్గర తెల్లసుద్ద ఉంది చూడు, దుంగ పైన దట్టంగా పూయి. నలుపుమీద తెలుపైతే ఓరకంటికి కొంచెం ఆనుతుంది. పుట్ట ఉన్నచోట కాలికి తెలిసేట్టు గులకరాళ్లు పరిచిపెట్టు. ఇంకొకటి. నా దగ్గరికొస్తే ముందు పేరు చెప్పి రా. ఊరికే వచ్చి మీదపడకు."

కోరయ్య లోయలోకి దిగాడు. దుంగను దొర్లించడం సులువే. పైకి ఎక్కించడం సులువు కాదు. మొదటి రోజు సగం ఎక్కి జారింది. రెండో రోజు అంచు దాకా వచ్చి జారింది. మూడో రోజు కోర దుంగ కింద పెట్టి, కళ్లు మూసుకుని ఎత్తాడు. దుంగ పైకి వచ్చింది. కిందేదో ఫట్‌మంది.

వానలు మొదలయ్యేసరికి బూదవ్వ లేచి కుంటుతూ నడిచింది. గులకరాళ్లు గరగరలాడాయి. బొగ్గువాసన వచ్చింది. ఓరకంటికి తెల్లగా గీతలాంటిది కనిపించింది. బూదవ్వ దుంగమీద చెయ్యి వేసి, ఎడమకు తిరిగింది. పిలిస్తే వినపడేంత దూరంలో కోరయ్య నిలబడ్డాడు. ముందుకు ఒక్క అడుగు వెయ్యలేదు.

వాగు గట్టున బూదవ్వే అతన్ని పిలిచింది. "ఇలా రారా." అతని మొహం తడిమింది. చిరిగిన చెవి తగిలింది. ఒకవైపు కోర తగిలింది. రెండోవైపు మొండి మాత్రమే తగిలింది.

"ఇదేంట్రా?"

"కోర బరువు ఎక్కువై మెడ నొప్పి పుడుతుంటే తీయించేసుకున్నాలే అవ్వా."

బూదవ్వ నవ్వలేదు. చెయ్యి తియ్యనూ లేదు.

ఆ తర్వాత బూదవ్వ మూడేళ్లు బతికింది. మూడేళ్లూ తన పూలు తానే ఏరుకుంది. కుడికాలు వంకరగానే అతుక్కుంది. కోరయ్యకు చివరిదాకా ఒకటే కోర.

నీతి: చూపు తగ్గిన పెద్దలకు సాయపడాలనుకుంటే, ముందు ఏం కావాలో వాళ్లనే అడగండి, వాళ్ల గుర్తులను ఉన్నచోటే ఉంచి, నడక వాళ్లకు వదిలిపెట్టండి.